పార్కిన్సన్స్‌లో డోపమైన్ ఎప్పటి నుంచి తగ్గుతుంది? ముందే ఎందుకు తెలియదు?

మీ అమ్మగారికి ఎడమ చెయ్యి వణుకుతోందనీ, పార్కిన్సన్స్ తొలి దశ, మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిందని డాక్టర్ చెప్పారనీ రాశారు. అది రక్తపరీక్షలో తెలుస్తుందా, ఇన్నాళ్లూ మేమెందుకు కనిపెట్టలేకపోయాం అని మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదు. మా నాన్నకు ఈ జబ్బని తేలి ఏడేళ్లయింది. అప్పట్లో నేనూ ఇదే అడిగాను, కాస్త కోపంగానే.

రక్తపరీక్షలో తెలియదండి. రక్తంలోనూ డోపమైన్ ఉంటుంది కానీ అది మెదడులోది కాదు. మెదడు రక్తనాళాల గోడలు దాన్ని లోపలికి రానివ్వవు. అందుకే నడక చూసి, వేళ్లు ఆడించమని, మణికట్టు తిప్పి బిగుతు చూసి చెబుతారు. ట్రోడాట్ అనే స్కాన్ ఒకటుంది, అనుమానం తీరకపోతే రాస్తారు. మాకు రాయలేదు.

ఎప్పటి నుంచి అన్నదానికి మా ఇంట్లో సాక్ష్యం ఉంది. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక రోజూ పొద్దున్నే గళ్ల పుస్తకంలో రామకోటి రాసేవారు. జబ్బు బయటపడ్డాక పాత పుస్తకాలన్నీ తీసి వరసగా పేర్చాను. వణుకు రావడానికి రెండేళ్ల ముందు పుస్తకం చూస్తే, పేజీ పైన గడి నిండా ఉన్న ‘శ్రీరామ’ కిందికి వచ్చేసరికి సగం గడిలోకి ముడుచుకుపోయింది. శ్రీ కింది క్రారవడి చుక్కంత అయింది. కళ్లద్దాలు మార్చాలేమో అనుకున్నాం, మార్చాం కూడా.

తాలింపులో ఇంగువ వెయ్యలేదని అమ్మతో గొడవ పడేవారు. అమ్మ వేసేది, ఆయనకే వాసన తెలిసేది కాదు. నిద్రలో పిల్లల్ని కసురుతూ చెయ్యి విసిరేవారు. కుడి భుజం పట్టేసిందని ఎముకల డాక్టర్ దగ్గర ఎనిమిది నెలలు తిరిగాం. ఆయన్నేం తప్పుపట్టను, భుజం నొప్పికి మెదడు కారణమని ఎవరికి తడుతుంది?

లోపల జరిగేది ఇదీ. మెదడు కింది భాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి చోటు ఉంది. అక్కడి కణాలు పైనున్న స్ట్రయేటమ్ అనే భాగానికి తంతువులు పంపి డోపమైన్ వదులుతుంటాయి. కదలిక సాఫీగా మొదలవ్వాలంటే అది కావాలి. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దకట్టి, ఆ కణాలు ఒక్కొక్కటే పోతుంటాయి. చెయ్యి వణికే నాటికి దాదాపు సగం కణాలు పోయి ఉంటాయంటారు. స్ట్రయేటమ్‌లో డోపమైన్ లోటు అంతకంటే ఎక్కువే.

మరి అప్పటిదాకా నడిచిందెలా? మాది కాలువ చివరి ఊరు, నాకు అలాగే అర్థమైంది. పైనుంచి నీళ్లు తగ్గితే పంట వెంటనే ఎండిపోదు. తూము ఇంకాస్త ఎత్తుతాం, వచ్చిన నీళ్లు పోకుండా గట్లు వేస్తాం. మెదడూ అంతే. మిగిలిన కణాలు ఎక్కువ డోపమైన్ వదులుతాయి, వదిలినదాన్ని తొందరగా వెనక్కి లాగేసుకోవు, అందుకునే వైపు గ్రాహకాలు పెరుగుతాయి. ఇవన్నీ చేసినా చాలనప్పుడు ముందు ఎండేది శివారు పొలమే. స్ట్రయేటమ్‌లో కూడా పుటామెన్ అనే చోటు వెనక భాగం ముందు ఎండుతుంది, అదీ ఒక పక్క ఎక్కువగా. వణుకు ఒక చేతితో మొదలయ్యేది అందుకే.

డోపమైన్ ఒక్కటే కాదు. మనసు తీరుతో సంబంధమున్న నోరెడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలు ఇచ్చే కణాలూ దెబ్బతింటాయి. నాన్న సాయంత్రం అరుగు మీద కూర్చోవడం మానేస్తే రిటైర్మెంట్ దిగులనుకున్నాం. చాలామందిలో వాసన, మలబద్ధకం, నిద్ర సమస్యలు వణుకు కంటే ఏళ్ల ముందే వస్తాయి. అయితే ఇవి ఉన్న ప్రతివాళ్లకూ ఈ జబ్బు రాదు, టెన్షన్ పడకండి.

డోపమైన్ మెదడులోకి వెళ్లదు కాబట్టి, లోపలికి వెళ్లి డోపమైన్‌గా మారే లెవోడోపాను, అది దారిలోనే ఖర్చైపోకుండా చూసే కార్బిడోపాతో కలిపి ఇస్తారు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు మెదడులో డోపమైన్‌ను ఖాళీ చేసే రెసర్పిన్ ఇస్తే కదలకుండా పడిపోయాయి, డోపా ఇస్తే లేచాయి. ఆ రెసర్పిన్ మన సర్పగంధిలోదే. లెవోడోపా దూలగొండి గింజల్లోనూ ఉంటుంది. మా బాబాయి ఆ పొడి తెచ్చాడు. అది కూడా మందే, డాక్టర్‌కు చెప్పకుండా మాత్రలతో కలిపితే డోసు లెక్క తప్పుతుంది.

రెండు సంగతులు అనుభవంతో చెబుతున్నా. మాత్ర వేసుకుని వెంటనే పెసరట్టు తిన్న రోజు నాన్నకు మందు సరిగ్గా పట్టేది కాదు. మొదట్లో తేడా తెలియలేదు, మూడో ఏడు నుంచి తెలిసింది. ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాలూ లెవోడోపా ఒకే దారిలో లోపలికి వెళ్లాలి. పప్పు మానక్కర్లేదు, మాత్రకూ తిండికీ ఎడం ఉంచాం. రెండోది, ఒకసారి వాంతులకు దగ్గర్లోని క్లినిక్‌లో మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది డోపమైన్ గ్రాహకాల్నే అడ్డుకుంటుంది. సాయంత్రానికి మంచం దిగలేకపోయారు. ఎక్కడికి వెళ్లినా ఈ జబ్బుందని ముందే చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

నాన్న ఇప్పటికీ రాస్తారు, మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు. మొదటి రెండు పేజీలు గడి నిండుతుంది. మీ అమ్మగారు రాసిన పాత పాల లెక్కలో, చీటీల పుస్తకమో ఉంటే ఓసారి తీసి చూడండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అదీ పట్టుకెళ్లండి.