ప్లేస్టేషన్ 'డయాబ్లో': వారియర్‌తో బుచర్‌ను ఎలా ఓడించాలి?

'డయాబ్లో' ఆటలో వారియర్‌తో, అంటే కత్తి పట్టే యోధుడి పాత్రతో ఆడుతున్నానని, చర్చి కింది నేలమాళిగలో రెండో అంతస్తులో బుచర్ అనే రాక్షసుడి గది తలుపు తీసిన ప్రతిసారీ నాలుగు దెబ్బలకే ప్రాణం పోతోందని, లెవల్ పెంచుకోవడం తప్ప వేరే దారి లేదా అని అడిగారు. ఉంది. 1998లో ప్లేస్టేషన్‌కు వచ్చిన ఈ ఆటను మా తమ్ముడూ నేనూ ఒకే తెర ముందు కూర్చుని, రెండు కంట్రోలర్లు పట్టుకుని ఏళ్ల తరబడి ఆడాం. ఎంత గట్టిగా కొడుతున్నాం అన్నదానికన్నా ఎక్కడ నిలబడి కొడుతున్నాం అన్నదే ఇందులో ముఖ్యమని నా గట్టి నమ్మకం.

ముందు మొదటి అంతస్తు సంగతి చెప్పాలి, ఎందుకంటే బుచర్‌కు కావలసిన అభ్యాసమంతా అక్కడే దొరుకుతుంది. చర్చి గదుల్లోకి దూసుకెళ్లకండి. తలుపు తీసి, లోపలివాళ్లు మిమ్మల్ని చూడగానే వెనక్కి వచ్చి గుమ్మానికి ఎదురుగా నిలబడండి. గది నిండా అస్థిపంజరాలున్నా గుమ్మంలోంచి ఒక్కొక్కటే రావాలి. గది మధ్యలో నిలబడితే అవే చుట్టుముట్టి చంపేస్తాయి. ఫాలెన్ అనే పొట్టి రాక్షసుల్లో ఒకణ్ణి చంపితే పక్కవాళ్లు భయపడి పారిపోతారు. వాళ్ల వెంట పరుగెత్తారంటే తెలియకుండానే ఇంకో గుంపును నిద్ర లేపుతారు. నిలబడ్డ చోటే ఉండండి, వాళ్లే తిరిగి వస్తారు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. వారియర్ సంచిలో కత్తితో పాటు ఒక దుడ్డుకర్ర కూడా మొదటినుంచే ఉంటుంది. దాన్ని అమ్మేయకండి. చచ్చి లేచినవాటి మీద, అంటే అస్థిపంజరాలు, జాంబీల మీద, కర్ర దెబ్బకు వాటికి కలిగే నష్టం సగం ఎక్కువ, కత్తి దెబ్బకు సగం తక్కువ. శవాలు తిని గాయాలు మాన్పుకునే స్కావెంజర్ల లాంటి జంతువుల మీద లెక్క తిరగబడుతుంది: కత్తికి ఎక్కువ, కర్రకు తక్కువ. శత్రువును బట్టి ఆయుధం మార్చుకుంటే అదే లెవల్ వారియర్ వేరే మనిషిలా పోరాడతాడు.

ఇక బుచర్. వాడు రాక్షస జాతి కాబట్టి కత్తయినా కర్రయినా ఒకటే. వాడి బలమంతా చేతిలోని ఆ పెద్ద నరుకుడు కత్తిలోనే ఉంది. దూరం నుంచి విసిరేది ఏదీ లేదు. పైగా మీరు ఎక్కడుంటే అటే నేరుగా వస్తాడు. ఆ తీరును మనం వాడుకోవాలి.

ఊళ్లో కమ్మరి గ్రిజ్‌వోల్డ్ దగ్గర ఒక చిన్న విల్లు కొనండి. వారియర్‌కూ పనికొస్తుంది. బుచర్ గది తలుపు ముట్టుకునే ముందే ఆ అంతస్తులో మిగతా శత్రువులందరినీ శుభ్రంగా తుడిచేయండి, లేకపోతే వెనక్కి పరుగెత్తే దారిలో వాళ్లే అడ్డుపడతారు. గోడలో ఊచలు బిగించిన కిటికీ లాంటి చోటు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. అప్పుడు ఆట సేవ్ చేసుకుని (మెమొరీ కార్డులో చాలా భాగం తినేస్తుంది, చోటు ఉంచుకోండి) తలుపు తీయండి. వాడు అరుస్తూ బయటికి రాగానే తిరిగి చూడకుండా పరుగెత్తి, ఊచలు మీ ఇద్దరి మధ్యా ఉండేలా నిలబడండి. బాణాలు ఊచల్లోంచి పోతాయి, వాడి కత్తి పోదు. చుట్టూ తిరిగి వచ్చాడా, మీరు అవతలి వైపుకు మారండి. పరిస్థితి చేయి దాటితే మెట్ల దగ్గరికి వెళ్లండి. మెట్లెక్కితే వాడు వెంట రాడు. పై అంతస్తులో గాయాలు మాన్పే ఎర్ర సీసా మందు తాగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగవచ్చు. తమ్ముడు రోగ్ అనే విలుకత్తె పాత్రతో బాణాలు వేస్తుంటే నేను వాణ్ణి నా వైపు తిప్పుకుంటూ ఊచల చుట్టూ తిరిగేవాణ్ణి. ఇద్దరూ ఒకే తెరలో ఉండాలి కాబట్టి ఎవరూ విడిగా పారిపోవడానికి వీల్లేదు. ఆ ఇరుకులో ఆడటమే ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

వాడు చచ్చాక ఆ నరుకుడు కత్తి మీ సొంతమవుతుంది. ఒక్కో దెబ్బకు శత్రువుకు నష్టం 4 నుంచి 24 వరకు, మీ బలం 10 పెరుగుతుంది. చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. కానీ రెండు చేతుల ఆయుధం కాబట్టి డాలు వదిలేయాలి. మన్నిక 10 మాత్రమే. ఈ ఆటలో మన్నిక సున్నాకు చేరితే వస్తువు పూర్తిగా పోతుంది, బాగుచేయించుకునే అవకాశమే ఉండదు. ఊరికి వెళ్లిన ప్రతిసారీ గ్రిజ్‌వోల్డ్ చేత బాగుచేయించండి. వారియర్‌కు సొంతంగా బాగుచేసే నేర్పు ఉంది గానీ, దాన్ని వాడితే గరిష్ఠ మన్నిక తగ్గిపోతుంది. పదే ఉన్నదానికి ఆ నష్టం భరించలేనిది.

మూడో అంతస్తులో లియోరిక్ రాజు ఎదురైతే మాత్రం మీ మామూలు కత్తి కన్నా కర్రే మేలు, వాడు అస్థిపంజరమే. పడిపోయిన తన సైనికులను మళ్లీ లేపుతాడు కాబట్టి, వాళ్ల ఎముకలు పడి ఉన్న చోటికి వీలైనంత దూరంగా లాక్కొచ్చి కొట్టండి. ఒంటరిగా ఆడేటప్పుడు ఆట అప్పగించే పనులన్నీ (క్వెస్టులు) ప్రతి ఆటలో రావు. కొత్త ఆటలో లియోరిక్ బదులు ఊరి నీళ్లు విషమయ్యే పని రావచ్చు, ఒక్కోసారి బుచరే ఉండకపోవచ్చు. కనిపించలేదని వెతుక్కోకుండా ముందుకు దిగండి.