బియ్యంలో కలిపిందల్లా కల్తీయేనా?

సందేహం: రేషన్ బియ్యం గురించి ఒక పత్రికలో ‘బలవర్థక బియ్యం’ అనీ, మరోదానిలో ‘బలవర్ధక బియ్యం’ అనీ చదివాను. ఏది ఒప్పు? మా వీధిలో మాత్రం ‘ప్లాస్టిక్ గింజలు కల్తీ చేశారు’ అంటున్నారు. మంచి కోసం కలిపినదాన్ని కల్తీ అనవచ్చా?

సమాధానం: ‘బలవర్ధక’ ఒప్పు. సంస్కృతంలోని ‘వృధ్’ ధాతువు నుంచి వచ్చిన మాట కాబట్టి ధకారమే ఉండాలి. వృద్ధి, వర్ధంతి, వర్ధమానం అన్నీ ఆ ఇంటివే. అర్థం, సమర్థం అని రాసి రాసి, ఆ చేత్తోనే వర్ధకం పొట్టలోనూ చుక్క పెట్టేస్తున్నారు. అదే పత్రికలో ‘ఆహార పదార్ధాలు’ అని కూడా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అక్కడ ఉండాల్సిన చుక్క ఎగిరిపోయింది. పద, అర్థ కలిస్తే ‘పదార్థం’.

అక్షరం సరిచేసినా నాకు ఆ మాటతో పేచీ ఉంది. బలవర్ధకం అంటే బలాన్ని పెంచేది. పాలు, గుడ్లు, టానిక్కు గురించి ఎప్పటినుంచో అంటున్నదే. ఈ బియ్యం సంగతి వేరు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మిషన్‌లో గింజల ఆకారంలో తీసి, ఆ గింజల్ని వంద కిలోల మామూలు బియ్యానికి కిలో చొప్పున కలుపుతారు. ముఖ్య ఉద్దేశం రక్తహీనత తగ్గించడం. 2024 నాటికి ప్రభుత్వ పథకాల బియ్యమంతా ఇలాగే ఇస్తామని 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రకటించారు. దాంతో పత్రికలకు ‘ఫోర్టిఫైడ్’ అనే ఇంగ్లిషు మాటకు బదులు అర్జెంటుగా ఓ తెలుగు మాట కావలసి వచ్చి, చేతికందిన బలవర్ధకాన్ని తగిలించాయి. తప్పని కొట్టేయను గానీ, అది చదివినవాడికి లోపల ఏం కలిపారో తెలియదు. ‘పోషకాలు చేర్చిన బియ్యం’ అంటే తెలుస్తుంది. ఉప్పు విషయంలో జనం ఎంత తేలిగ్గా తేల్చేశారో చూడండి: అయోడిన్ ఉప్పు!

ఇక కల్తీ. కలపడమల్లా కల్తీ కాదు. వాడుకలో కల్తీ అనాలంటే కొనేవాడికి చెప్పకుండా, అమ్మేవాడి లాభం కోసం, సరుకు విలువ చెడేలా కలపాలి. పాలలో నీళ్లు, కారంలో రంగు అలాంటివే. తెలంగాణలో ‘మందు కల్లు’ అని విడిగా ఒక పేరే ఉంది. చెట్టు కల్లు చాలక నీళ్లలో క్లోరల్ హైడ్రేటో, అల్ప్రాజోలమో కలిపి మత్తు తెప్పించే సరుకది. పోషకాలు చేర్చిన రేషన్ బియ్యం సంచి మీద ఏం చేర్చారో అచ్చు వేసి ఉంటుంది, ఆ సంగతి తెలిపే ‘ప్లస్ ఎఫ్’ గుర్తు కూడా ఉంటుంది. కాబట్టి అది కల్తీ కాదు.

మీ వీధివాళ్ల మాటలో ఇంకో తిరకాసు ఉంది. నిజంగా ప్లాస్టిక్‌తో బియ్యం చేస్తే దాన్ని ‘నకిలీ బియ్యం’ అనాలి. అసలు సరుకు ఉండి, అందులో మరొకటి చేరితే కల్తీ. అసలు సరుకే లేకుండా దాని వేషం వేస్తే నకిలీ. నీళ్లు పోసినవి కల్తీ పాలు. డిటర్జెంటు, నూనె, యూరియాతో తయారు చేసినవి నకిలీ పాలు. పత్రికలు రెంటినీ కల్తీ పాలనే రాస్తున్నాయి. ఏమీ కలపకపోయినా నాణ్యత లేనిది నాసిరకం.

వాళ్ల భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు. బియ్యం కడిగేటప్పుడు ఈ గింజలు కొన్ని పైకి తేలతాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంటుంది. అవేమిటో ముందుగా చెప్పేవారు లేకపోతే ఏ ఇల్లాలైనా ఏరి పారేస్తుంది. పోషకాలన్నీ ఆ గింజల్లోనే ఉన్నాయి మరి.

రాసేటప్పుడు ‘పోషకాలు చేర్చిన బియ్యం’ అనండి. మాట్లాడేటప్పుడు ‘ఫోర్టిఫైడ్ బియ్యం’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ‘సార్టెక్స్ బియ్యం’ అలవాటైన నాలుకకు అదేమంత కష్టం కాదు.