టాన్సిల్స్ ఆపరేషన్: బక్కగా ఉన్న బాబుకు ఏ సైజు శ్వాస ట్యూబ్ వేస్తారు?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. బాబుకు 5 ఏళ్లు, బరువు 13 కిలోలే. హన్మకొండలో టాన్సిల్స్ ఆపరేషన్ చేస్తామన్నారు. నెలలు నిండకముందే పుట్టాడు, అప్పుడు కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. మత్తు ఇచ్చాక గొంతులో ట్యూబ్ వేస్తారట. ఇంత బక్క పిల్లవాడికి సరిపోయే సైజు ఎలా తెలుస్తుంది? గొంతు పోతుందేమోనని భయంగా ఉంది.

సలహా: బరువు గురించి దిగులు వద్దమ్మా. మత్తుమందు మోతాదుకు బరువు కావాలి గానీ, ట్యూబ్ సైజుకు ముందుగా చూసేది వయసు, ఎత్తు. శ్వాసనాళం వాటితోపాటే పెరుగుతుంది. అందుకే అసలు పుట్టిన తేదీ చెప్పండి. బడిలో వేయించిన తేదీ వేరైతే ఆ మాట కూడా చెప్పాలి.

లెక్క ఇలా ఉంటుంది. వయసును 4తో భాగించి 3.5 కలిపితే కఫ్ ఉన్న ట్యూబ్ లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. మీ బాబుకు 4.75, అంటే 4.5 లేదా 5. కఫ్ లేనిదైతే 4 కలుపుతారు. కఫ్ అంటే ట్యూబ్ చివర ఉండే చిన్న గాలి బుడగ. టాన్సిల్స్ ఆపరేషన్‌లో రక్తం ఊపిరితిత్తుల్లోకి జారకుండా, కాటరీ (వేడితో కోసి రక్తం ఆపే పరికరం) వాడే చోటికి ఆక్సిజన్ లీకై మంట అంటుకోకుండా అది కాపాడుతుంది. అందుకే ఈ ఆపరేషన్‌కు నేను కఫ్ ట్యూబ్ వైపే మొగ్గుతాను.

లెక్కలో వచ్చింది అంచనా మాత్రమే. అరసైజు చిన్నది, అరసైజు పెద్దది కూడా టేబుల్ మీద సిద్ధంగా ఉండాలి. మీ బాబు విషయంలో ఇంకా చిన్నది కూడా ఉండాలి. ఎందుకంటే పుట్టగానే ట్యూబ్ ఉన్న పిల్లల్లో కొందరికి స్వరపేటిక కింద మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది. అక్కడ క్రికాయిడ్ అనే ఉంగరంలాంటి మృదులాస్థి ఉంటుంది. అది సాగదు కాబట్టి వాపు వస్తే లోపలికే వస్తుంది. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ 1 మిల్లీమీటర్ వాచినా గాలికి అడ్డంకి 16 రెట్లవుతుంది. ట్యూబ్ స్వరతంత్రులు దాటాక ఆగితే నెట్టకూడదు, చిన్నది తీసుకోవాలి. మరీ చిన్నదైతే గాలి లీకవుతుంది, కఫ్‌ను ఎక్కువగా ఉబ్బించాల్సి వస్తుంది. కఫ్ ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటి పీడనం దాటకుండా మీటర్‌తో చూడటం మంచి పద్ధతి.

ట్యూబ్ లోతు కూడా ముఖ్యమే. 5 ఏళ్లకు పెదవి దగ్గర సుమారు 14.5 సెంటీమీటర్లు. టాన్సిల్స్‌కు మెడ వెనక్కి వంచితే ట్యూబ్ పైకి జరుగుతుంది, నోరు తెరిచి ఉంచే గ్యాగ్ దాన్ని నొక్కేయవచ్చు. అందుకే గ్యాగ్ పెట్టాక రెండు వైపులా గాలి వెళ్తోందో లేదో మళ్లీ చూస్తారు.

మత్తు డాక్టర్‌కు మీరు తప్పక చెప్పాల్సినవి: ఎన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు (పాత డిశ్చార్జి కార్డు తీసుకెళ్లండి), ఆడితే ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం వస్తుందా, గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉంటుందా, ఇన్హేలర్ వాడినా తగ్గని ‘ఆస్తమా’ ఉందా. వీటిలో ఏదున్నా ముందే ఎండోస్కోపీతో శ్వాసనాళం చూడమని అడగండి. సర్ది, జ్వరం ఉంటే దాచొద్దు. చాలాసార్లు 2 నుంచి 4 వారాలు వాయిదా వేయడమే మేలు. ఊగే పాలపన్ను ఉంటే చూపించండి.

ఆపరేషన్ తర్వాత ఒకట్రెండు రోజులు గొంతు నొప్పి, కాస్త బొంగురు మామూలే. ట్యూబ్ తీసిన తొలి గంటల్లో కుక్క మొరిగినట్టు దగ్గు, లోపలికి పీల్చేటప్పుడు కూత వస్తే అది వాపు. అడ్రినలిన్ నెబ్యులైజేషన్, డెక్సామెథసోన్ ఇంజెక్షన్‌తో ఎక్కువగా తగ్గుతుంది. అందుకే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండేలా మాట్లాడుకోండి. ఇంటికి వచ్చాక పక్కటెముకలు లోపలికి గుంజినా, పెదవులు నీలంగా మారినా, నోట్లోంచి ఎర్రగా రక్తం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా బయలుదేరండి. బొంగురు 2 వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌తో స్వరతంత్రులు పరీక్ష చేయించండి.