ఖాళీ జాబితా అంటే ఎవరూ లేరనా, చదవలేకపోయాననా?

ప్రశ్న: మూడేళ్లు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో పనిచేసి ఈమధ్యే రస్ట్ అనే భాషలోకి వచ్చాను మేడమ్. ఇక్కడ ఫైలు తెరిచినా, అంకె చదివినా విలువ నేరుగా చేతికి రాదు, పని కుదిరిందో లేదో చెప్పే రిజల్ట్‌లో చుట్టి ఇస్తుంది. పని ముందుకు సాగాలని ప్రతిచోటా ఆ చుట్టను నేరుగా విప్పేసే అన్‌రాప్ పెట్టేస్తున్నాను. రివ్యూలో మా లీడ్ ప్రతిసారీ వెనక్కి పంపుతున్నారు. పైథాన్‌లో పొరపాట్లను పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్‌తో హాయిగా జరిగిపోయేది కదా, ఇంత చాదస్తం ఎందుకు?

జవాబు: నేను పైథాన్‌లో రాసిన ఒక ప్రోగ్రాం సంగతి చెబుతాను. రెండు డేటాబేసుల్లోని సభ్యుల వివరాలను రోజూ రాత్రి సరిచూడటం దాని పని. అసలు జాబితాలో ఉన్న కొత్తవాళ్లను రెండో చోట చేర్చాలి, అసలు జాబితాలో లేనివాళ్లను రెండో చోట తీసేయాలి. జాబితా తెచ్చే ఫంక్షన్‌లో కనెక్షన్ దొరక్కపోతే వచ్చే ఎక్సెప్షన్‌ని (పట్టుకోకపోతే ప్రోగ్రాంని ఆపేసే పొరపాటు సంకేతాన్ని) పట్టుకుని, లాగ్‌లో ఒక వాక్యం రాసి, ఖాళీ జాబితా రిటర్న్ చేశాను. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోకూడదని నా ఆలోచన.

ఒక రాత్రి నెట్‌వర్క్ పోయింది. ఖాళీ జాబితా వచ్చింది. అసలు చోట ఒక్కరూ లేరు కాబట్టి రెండో చోట అందరినీ తీసేయాలని ప్రోగ్రాం లెక్కేసుకుంది, తీసేసింది. పొద్దున లాగ్ తెరిస్తే ‘కనెక్షన్ దొరకలేదు’ అని ఒక వరస, దాని కిందే ‘తొలగింపు పూర్తయింది’ అని ఇంకో వరస. బ్యాకప్ నుంచి అన్నీ తిరిగి ఎక్కించేసరికి సాయంత్రమైంది. ఆ రెండు వరసలూ ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

‘ఎవరూ లేరు’ అనేది ఒక సమాధానం. ‘చదవలేకపోయాను’ అంటే అసలు సమాధానమే దొరకలేదని. నా ఫంక్షన్ ఈ రెండింటికీ ఒకే మాట చెప్పింది. దాన్ని కాల్ చేసిన కోడ్‌కి తేడా కనిపెట్టే దారే లేదు. అదే రస్ట్‌లో అయితే రిటర్న్ టైపులోనే రెండూ రాసి ఉంటాయి: కుదిరితే ‘ఓకే’లో సభ్యుల జాబితా, కుదరకపోతే ‘ఎర్’లో కారణం. జాబితా కావాల్సిన చోటికి రిజల్ట్‌ని అలాగే పంపితే, కోడ్‌ని నడిపే ముందే పరిశీలించే కంపైలర్ ఒప్పుకోదు. ముందు విప్పి చూడాల్సిందే. ఏమీ చూడకుండా రిజల్ట్‌ని గాలికొదిలేసినా హెచ్చరిక వస్తుంది.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ రాత్రి ఎక్సెప్షన్‌ని నేను పట్టుకోకుండా వదిలేసి ఉంటే ప్రోగ్రాం ఆగిపోయేది, డేటా మిగిలేది. కాబట్టి ఎక్సెప్షన్లు చెడ్డవని అనను. కానీ పైథాన్‌లో ఒక ఫంక్షన్‌ని పైపైన చూసి అది ఎప్పుడు ఏం విసురుతుందో చెప్పలేం. లోపలికి దిగి చదవాలి, అది కాల్ చేసేవాటినీ చదవాలి. రిజల్ట్ ఉంటే ఆ సంగతి గుమ్మంలోనే తెలిసిపోతుంది. అందుకే ఈ పద్ధతి ఒక్క రస్ట్‌తో ఆగలేదు. హాస్కెల్ భాషలో ఇలాంటి పనే చేసే ‘ఈదర్’ ఎప్పటినుంచో ఉంది. స్విఫ్ట్ 2019లో వచ్చిన 5వ వెర్షన్‌లో రిజల్ట్‌ని స్టాండర్డ్ లైబ్రరీలో చేర్చింది. సీ ప్లస్ ప్లస్ కూడా 23 ప్రమాణంలో ‘ఎక్స్‌పెక్టెడ్’ తెచ్చుకుంది.

ఇక మీ అన్‌రాప్. అది రాయడమంటే ‘ఇది ఓకేనే, కాకపోతే ప్రోగ్రాం కూలిపోనీ’ అని మీరు పూచీ పడటం. టెస్టుల్లో రాయండి, తప్పులేదు. కోడ్‌లో మీరే రాసిపెట్టిన ‘42’ని అంకెగా మార్చేటప్పుడు రాసినా నాకు అభ్యంతరం లేదు. ఫైలుకి, నెట్‌వర్క్‌కి, యూజర్ టైప్ చేసినదానికి మనం పూచీ పడలేం. అలాంటిచోట ప్రశ్నార్థకం గుర్తు (?) వాడండి. 2016 నుంచీ భాషలో ఉంది. ఓకే అయితే లోపలి విలువ తీసిస్తుంది, ఎర్ అయితే అక్కడితో ఫంక్షన్ ముగించి కారణాన్ని పైకి అందిస్తుంది. దానికి మీ ఫంక్షన్ కూడా రిజల్ట్ రిటర్న్ చేయాలి. చాలామంది ఇక్కడే చిక్కుబడి మళ్లీ అన్‌రాప్ దగ్గరికి వెళతారు. రిటర్న్ టైపు మార్చండి, దాన్ని కాల్ చేసే ఫంక్షన్‌దీ మార్చండి. మెయిన్ కూడా రిజల్ట్ రిటర్న్ చేయగలదు.

అన్‌రాప్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ‘అన్‌రాప్ ఆర్ డిఫాల్ట్’. జాబితా కావాల్సిన చోట ఎర్ వస్తే అది ఖాళీ జాబితా చేతిలో పెడుతుంది. అచ్చం నేను చేసిన తప్పే. అన్‌రాప్ కనీసం కూలిపోయి చెబుతుంది, ఇది ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. మీ కోడ్‌లో ఎక్కడైనా అది ఉంటే, ముఖ్యంగా దాని తర్వాత ఏదైనా తొలగించే పని ఉంటే, ఈరోజే తెరిచి చూడండి.

ప్రశ్న: ఎర్‌లో కారణాన్ని స్ట్రింగ్‌గా, అంటే మామూలు వాక్యంగా రాస్తే సరిపోదా? దానికోసం విడిగా ఈనమ్ (సాధ్యమైన రకాలన్నిటినీ పేరుపేరునా రాసే టైపు) కట్టాలా?

జవాబు: ఆ కారణాన్ని మనిషి చదివి ఊరుకుంటే స్ట్రింగ్ చాలు. దాన్నిబట్టి కోడ్ ఒక నిర్ణయం తీసుకోవాలంటే ఈనమ్ కట్టండి. టైమ్ అవుట్ అయితే మళ్లీ ప్రయత్నించాలి, పాస్‌వర్డ్ తప్పయితే ప్రయత్నించకూడదు అనుకుందాం. స్ట్రింగ్ అయితే అందులో ‘టైమ్ అవుట్’ అన్న మాట ఉందేమోనని వెతకాలి. రేపు ఎవరో ఆ వాక్యాన్ని సరిదిద్దితే మళ్లీ ప్రయత్నించడం ఆగిపోతుంది, ఎందుకాగిందో ఎవరికీ అంతుపట్టదు. ఈనమ్‌లో కొత్త కారణం చేరిస్తే, దాన్ని పట్టించుకోని ప్రతి మ్యాచ్‌నీ (ఒక్కో కారణానికి ఏం చేయాలో రాసే చోటుని) కంపైలర్ చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: ‘మిగతావన్నీ’ అని అండర్‌స్కోర్‌తో కలిపేసిన మ్యాచ్‌ని అది చూపించదు. కారణాలు నాలుగైదే ఉన్నప్పుడు అన్నీ పేరుపేరునా రాయండి.