టెక్ సందేహాలు: ఒకేలా కనిపించే రెండు థింక్‌ప్యాడ్‌లు

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఆన్‌లైన్ క్లాసులు, ఎక్సెల్, కాస్త పైథాన్, ఇంతే వాడకం. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో రెండు పాత లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లు చూశాం. టీ470 రూ.12,000, టీ480 రూ.18,000 చెప్తున్నారు. రెండూ ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. రెండింటిలోనూ విండోస్ 11 నడుస్తోంది. అలాంటప్పుడు ఆరు వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలి? (ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: ఆ ఆరు వేలు పెట్టండి. తేడా అంతా ప్రాసెసర్‌లో ఉంది. స్టిక్కర్ మీద ఐ5 అని ఉంటే సరిపోదు, దాని పక్కనుండే నాలుగంకెల నంబర్ చూడాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది. 2017 నాటి టీ470లో ఎక్కువగా ఉండేది ఐ5-7200యూ. అది ఏడో తరం, రెండు కోర్లు (ప్రాసెసర్‌లో పని పంచుకునే భాగాలు). 2018లో వచ్చిన టీ480లో ఎక్కువగా ఐ5-8250యూ ఉంటుంది. ఇది ఎనిమిదో తరం, నాలుగు కోర్లు. ఒక పక్క క్లాసు వీడియో నడుస్తూ, ఇంకో పక్క పది ట్యాబులు, ఎక్సెల్ తెరిచి ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

విండోస్ 11 నడుస్తోంది కదా అన్నారు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఏడో తరం ప్రాసెసర్లకు మైక్రోసాఫ్ట్ దాన్ని ఇవ్వలేదు. టీ470లో మీరు చూసింది చెకింగ్ దాటించి ఎక్కించినది. దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. పోనీ విండోస్ 10 వేసుకుందామంటే దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వాడేవాళ్లకైతే టీ470 ఇప్పటికీ మంచి మెషీనే. మీ అమ్మాయికి మాత్రం వద్దు.

టీ480 మంచి మోడల్ అన్నంత మాత్రాన మీ చేతికొచ్చే పీస్ మంచిదని కాదు. ఇలాంటివి చాలావరకు కంపెనీల్లో కొన్నేళ్లు వాడి వదిలేసినవి. అందుకే ముందు లాక్ సంగతి చూడండి. ఆన్ చేయగానే లోగో దగ్గర ఎంటర్, వెంటనే ఎఫ్1 నొక్కితే బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్) తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ అడిగితే ఆ పీస్ వదిలేయండి. బయాస్‌కి పెట్టే ఈ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ తెలియకపోతే లెనోవో చెప్పే పరిష్కారం మదర్‌బోర్డు మార్చడమే. మా మేనల్లుడికి పాత ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నేను ఇదొక్కటి చూడలేదు. రెండు నెలల తర్వాత లినక్స్ ఎక్కిద్దామని కూర్చుంటే పాస్‌వర్డ్ అడిగింది. షాపుకి వెళ్తే వారంటీ దాటిపోయిందన్నారు. వాడి మొహం చూసి చాలా బాధేసింది. అప్పటినుంచి ఎవరు అడిగినా ఇదే ముందు చెప్తున్నాను.

అలాగే విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి సెటప్ మొదలుపెట్టండి. ఏదైనా కంపెనీ పేరు చూపించి లాగిన్ అడిగిందంటే ఆ కంపెనీ దాన్ని ఇంకా తమ లెక్కలోంచి తీసేయలేదన్నమాట. అరగంట పడుతుంది. షాపులో తొందర పెట్టినా లేవకండి.

తర్వాత బ్యాటరీ. టీ480లో రెండుంటాయి. లోపలిది 24 వాట్ అవర్లు. వెనకది అడుగున రెండు లాచ్‌లు జరిపితే ఊడి వస్తుంది, అది 24, 48, 72 వాట్ అవర్ల సైజుల్లో దొరుకుతుంది. "మూడు గంటలు వస్తుంది సార్" అన్న మాట నమ్మక్కర్లేదు. స్టార్ట్‌లో వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైల్ తయారై, అది ఎక్కడుందో స్క్రీన్ మీద చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి. మొదటిది 24,000 దగ్గర ఉండి రెండోది 12,000కి పడిపోతే సగం జీవితం అయిపోయినట్టే. రెండు బ్యాటరీలకూ విడివిడిగా చూడాలి. వెనకది అరిగిపోతే కొత్తది వేయించడం తేలిక. లోపలిది అరిగిపోతే ధర తగ్గించమని గట్టిగా అడగండి.

ఛార్జింగ్ టైప్-సీతోనే కాబట్టి ఎడమవైపున్న రెండు టైప్-సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి. ఒకటే పనిచేస్తే తీసుకోవద్దు. వాటిలో ఒకటి థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు. దానిలో సమస్య సరిచేయడానికి లెనోవో 2019లో ఒక ఫర్మ్‌వేర్ (పోర్టును నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది. ఇంటికెళ్లగానే లెనోవో సైట్ నుంచి అది వేసుకోండి.

స్క్రీన్ విషయంలో చాలామంది మోసపోతారు. టీ480 కొన్ని 1366×768 స్క్రీన్‌తో వచ్చాయి. పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి, ఎక్సెల్‌లో కాలమ్స్ పట్టవు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920×1080 కనిపిస్తేనే తీసుకోండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ నొక్కి చూడటం, కెమెరా, మైక్ చెక్ చేయడం పది నిమిషాల పని.

8 జీబీ ర్యామ్ ఈ రోజుల్లో ఇరుకే. టీ480లో రెండు స్లాట్లున్నాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ఒకటే వాడుతున్నట్టు కనిపిస్తే, ఇంకో 8 జీబీ అక్కడే వేయించి మొత్తానికి కలిపి బేరం చేయండి.

బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోవడం మర్చిపోవద్దు. అడుగున స్టిక్కర్ మీదున్న నంబర్, బయాస్‌లో కనిపించే నంబర్ ఒకటే కావాలి. కాకపోతే బోర్డు మార్చారేమో అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ పీస్ పక్కన పెట్టి ఇంకోటి చూపించమనండి.