ఆయుష్షు ‘రెండు రెట్లు పెరిగింది’ అనవచ్చునా?

సందేహం: ‘ఒక్క జన్యువు వల్లనే నులిపురుగు ఆయుష్షు రెండు రెట్లు పెరిగింది’ అని పాఠంలో రాసుకొన్నాను. మూడు వారాలు బతికే పురుగు ఆరు వారాలు బతికిందా, తొమ్మిది వారాలా అని ఒక విద్యార్థి అడిగాడు. ఏది సరి?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, బొబ్బిలి

సమాధానం: విద్యార్థి ప్రశ్న న్యాయమైనదే. ‘క్వింటాలు గోగునార ధర రెండు వేలు పెరిగింది’ అంటే పాత ధర మీద రెండు వేలు చేరిందని, ‘రెండు వేలకు పెరిగింది’ అంటే ఇప్పటి ధరే అంత అని మన జిల్లా రైతు తడుముకోకుండా చెబుతాడు. ప్రత్యయం లేని కొలత చేరినదాన్ని, ‘కు’ చేరిన కొలత ఇప్పుడున్నదాన్ని తెలుపుతాయి. ఈ లెక్కన మీ వాక్యానికి తొమ్మిది వారాలనే అర్థం రావాలి. అయితే రెట్ల విషయంలో వాడుక అంత కచ్చితంగా లేదు; ‘రెండు రెట్లు పెరిగింది’ అనేవారిలో చాలామంది ఉద్దేశం రెట్టింపే. వాడుకను తప్పు పట్టలేము గాని, శాస్త్రపాఠంలో ‘రెట్టింపైంది’ అంటే ఈ చిక్కే ఉండదు.

జీవశాస్త్రవేత్త సింథియా కెన్యన్ బృందం 1993లో ప్రకటించిన ఫలితం ప్రకారం, డాఫ్-2 జన్యువులో ఉత్పరివర్తన (జన్యువులో వచ్చే మార్పు) ఉన్న సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే నులిపురుగులు మామూలు పురుగులకన్నా రెట్టింపుకు మించిన కాలం బతికాయి. అంతకుముందు 1988లో ఫ్రీడ్‌మన్, జాన్సన్ అనే పరిశోధకులు ఏజ్-1 అనే జన్యువును గురించి రాస్తూ, 25 డిగ్రీల వద్ద ఆ ఉత్పరివర్తన వల్ల సగటు ఆయుష్షు 65 శాతం, గరిష్ఠ ఆయుష్షు 110 శాతం పెరిగాయన్నారు. ఇక్కడ ‘110 శాతానికి పెరిగింది’ అని రాస్తే, 110 శాతం పెరుగుదల కాస్తా 10 శాతానికి పడిపోతుంది! ‘సగటు’, ‘గరిష్ఠ’ అనే విశేషణాలను కూడా వదలకూడదు.

మీరు అడగకపోయినా, ‘జన్యువు వల్లనే’ అన్న మాటను నేను మరింతగా పట్టించుకొంటాను. డాఫ్-2 ఇన్సులిన్ తరహా సంకేతాలను అందుకొనే గ్రాహకాన్ని తయారుచేస్తుంది. ఆ గ్రాహకం పని తగ్గినప్పుడే ఆయుష్షు పెరుగుతుంది. కాబట్టి ‘జన్యువు వల్ల’ అనడం కారణాన్ని తలకిందులు చేస్తుంది; ‘డాఫ్-2 మందగిస్తే పురుగు రెట్టింపుకు మించి బతుకుతుంది’ అని చేదర్థకంతో (‘అయితే’, ‘మందగిస్తే’ వంటి షరతు రూపంతో) చెప్పడం మేలు. ‘వల్లనే’లోని ఏకారమూ నిలవదు. మారినది ఒక్క జన్యువే అయినా, డాఫ్-16 అనే మరో జన్యువు కూడా పాడైతే ఆ అదనపు ఆయుష్షు పురుగుకు దక్కదు.