కారు దగ్గరికే పళ్లెం, డేరాలో టీవీ

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఈ వేసవిలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండొచ్చాం. ఒకరోజు మా అల్లుడు పాతకాలపు డ్రైవ్-ఇన్ హోటల్‌కి తీసుకెళ్లాడు. కారు దిగే పనే లేదు. ఒక అమ్మాయి వచ్చి కారు కిటికీకి పళ్లెం తగిలించి వెళ్లింది. తాతగారు పెట్టిన హోటలట, ఇప్పుడు మనవలు నడుపుతున్నారు. లోపల గోడల నిండా పాత టీవీ సీరియల్ ఫొటోలు. వాటి ముందు నా ఈడు వాళ్లు నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. హోటల్‌కీ టీవీకీ ఏమిటి సంబంధం? మన వైపు ఇలాంటిది ఎప్పుడైనా ఉండేదా?
— రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, పర్లాకిమిడి

జవాబు: మీ ఉత్తరం చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా నాన్నగారి డేరా సినిమా గుర్తొచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు మీరడిగింది.

డ్రైవ్-ఇన్‌లు రెండు రకాలు. తిండివి ముందు వచ్చాయి. 1921లో టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర ‘పిగ్ స్టాండ్’ అని ఒకటి తెరిచారు. కారు పూర్తిగా ఆగకముందే కుర్రాళ్లు ఫుట్‌బోర్డు మీదికి గెంతి ఆర్డరు తీసుకునేవారట. పలాస స్టేషన్‌లో రైలు ఆగీ ఆగకముందే జీడిపప్పు పొట్లాలతో ఎక్కే కుర్రాళ్లని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

సినిమావి, అంటే కారులోనే కూర్చుని ఆరుబయట బొమ్మ చూసేవి, 1933లో వచ్చాయి. న్యూజెర్సీలో రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన తన ఇంటి పెరట్లో చెట్లకి తెర కట్టి, కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టి ప్రయోగాలు చేశాడు. ముందు కారు అడ్డు రాకుండా వెనక కారులో వాళ్లకి తెర కనబడాలి కదా! అందుకని ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టి ఎత్తు లెక్క కట్టాడు. ఆ ఏడాది జూన్ 6న హాలు తెరిచాడు. కారుకి 25 సెంట్లు, మనిషికి 25 సెంట్లు. 1950ల చివరికి ఆ దేశంలో అలాంటివి దాదాపు 4 వేలు అయ్యాయి. వీటిలో చాలావాటిని కుటుంబాలే నడుపుకునేవి.

ఆ తర్వాత ఇళ్లలోని టీవీ జనాన్ని లాగేసుకుంది. ఊరి చివరి స్థలాల ధరలు పెరిగాయి. 1967 నుంచి వేసవిలో గడియారం గంట ముందుకి జరపడం దాదాపు దేశమంతా అమలైంది. దాంతో చీకటి పడేసరికే ఆలస్యం, ఆట మొదలయ్యేసరికి పిల్లలు నిద్రపోయేవారు. సినిమా డ్రైవ్-ఇన్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

సరిగ్గా అవి కరిగిపోతున్న రోజుల్లో, 1974లో, ఏబీసీ చానల్‌లో ‘హ్యాపీ డేస్’ అనే సీరియల్ మొదలైంది. మీ అమ్మాయి ఉన్న రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో 1950ల నాటి కథ అది. అందులో కుర్రాళ్లందరూ చేరేది ‘ఆర్నాల్డ్స్’ అనే డ్రైవ్-ఇన్ హోటల్‌లో. మిల్వాకీ పక్కనే గ్లెండేల్‌లో ఉండే ‘మిల్కీ వే’ అనే డ్రైవ్-ఇన్ దానికి మూలం. సీరియల్ 1984 దాకా పదేళ్లు నడిచింది. మీరు చూసినవి ఆ ఫొటోలే అయ్యుంటాయని నా నమ్మకం. తాము తిరిగిన చోటు బయట కనుమరుగవుతుంటే వాళ్లు దాన్ని వారం వారం టీవీలో చూసుకున్నారు. కన్నీళ్లు రావా మరి?

ఇక మన వైపు. కారు దగ్గరికి టిఫిన్ తెచ్చే హోటల్ అంటే మద్రాసు ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్. 1962 నుంచి 2008 దాకా నడిచింది. బరంపురంలో మద్రాస్ మెయిల్ ఎక్కి వెళ్లినప్పుడు మా మేనమామ అంబాసిడర్ కారులో కూర్చుని అక్కడ కాఫీ తాగాను. సినిమాదైతే అహ్మదాబాద్‌లో 1973లో వచ్చింది. మన జిల్లాల్లో కార్లెక్కడివి? మనకున్నది డేరా.

మా నాన్నగారి డేరా ఒడిశా సరిహద్దులోని చికిటి చుట్టుపక్కల ఊళ్లలో తిరిగేది. విశాఖ నుంచి రీళ్ల పెట్టెలు ఇచ్ఛాపురం స్టేషన్‌లో దిగేవి. మిషను ఒక్కటే, కాబట్టి రీలు మార్చినప్పుడల్లా విరామమే. అమ్మ టికెట్లు చింపేది, నేను నేల టికెట్టు వాళ్లకి ఇసుక చదును చేసేవాణ్ణి. ఆదివారం సాయంత్రం టీవీలో హిందీ సినిమా మొదలయ్యాక మా నేల సగం ఖాళీ అయింది.

1987 జనవరి 25న రామాయణం మొదలైంది. నాన్నగారు వాయిదాల మీద ఒక ఈసీ కంపెనీ టీవీ కొని, యాంటెన్నాని డేరా నడిమి గుంజ కొసకి కట్టించారు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు. ఆడవాళ్లు చెప్పులు బయటే విడిచి, టీవీ ముందు కర్పూరం వెలిగించేవారు. మాటలు హిందీ. ఎడమ పక్క కూర్చున్నవాళ్లకి ఊరి బడిపంతులు ఒడియాలో చెప్పేవారు, కుడి పక్కవాళ్లకి నాన్నగారు తెలుగులో. కరెంటు పోతే ఊళ్లో టీవీలన్నీ ఆరిపోయేవి. మాకు సినిమా జనరేటర్ ఉంది కదా! అది డుగుడుగుమని అందుకోగానే బయట పరుగెత్తే అడుగుల చప్పుడు వినబడేది.

1989లో డేరా విప్పేశాం. నాన్నగారిని నేనెప్పుడూ అడగలేదు, తన వ్యాపారాన్ని తినేస్తున్న పెట్టెని తన డేరాలోకే ఎందుకు తెచ్చారని. అడిగి ఉండాల్సింది. పర్లాకిమిడిలో డేరా ఎక్కడ వేసేవారో మీకు గుర్తుంటే రాయండి, ఒక టికెట్టు ముక్క దొరికినా పంపండి.

ప్రశ్న: మా అత్తగారి చెక్క షట్టర్ల టీవీ అటక మీద ఉంది. మళ్లీ పనిచేయిస్తే ఆవిడ సంతోషిస్తారు. వీలవుతుందా?
— ఒక గృహిణి, బరంపురం

జవాబు: ప్రయత్నించండమ్మా. కానీ వెనక మూత మీరు విప్పకండి. పిక్చర్ ట్యూబులో, ప్లగ్గు తీసేసినా, షాక్ కొట్టే కరెంటు నిలిచి ఉంటుంది. పాత మెకానిక్‌నే పిలవండి. ఆ పాత యాంటెన్నా ఇప్పుడు పనికిరాదు, సెట్‌టాప్ బాక్సు కావాలి. టీవీకి పసుపు, ఎరుపు పిన్నుల రంధ్రాలు లేకపోతే, యాంటెన్నా రంధ్రంలోకి బొమ్మ పంపే చిన్న మాడ్యులేటర్ పెట్టమని అడగండి. షట్టర్లకి కాస్త కొబ్బరినూనె రాయించండి, లేకపోతే జరపగానే విరిగిపోవచ్చు.